పాస్టరు గారి గిటారు వెంట: మెంఫిస్, కోమో, క్లార్క్స్‌డేల్

అమెరికా దక్షిణాదిలో, టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నుంచి మిసిసిపీ రాష్ట్రంలోని కోమో, క్లార్క్స్‌డేల్ దాకా వెళ్ళే దారి ఇది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది వారాలు. గురువారానికి మెంఫిస్ చేరి ఆదివారం సాయంత్రం దాకా ఉండాలి. సోమవారం దిగి బుధవారం తిరిగొస్తే మ్యూజియంలూ సమాధులూ మాత్రమే కనిపిస్తాయి. ఒకే మనిషి శనివారం రాత్రి బ్లూస్ (ఇక్కడి నల్లజాతి వాళ్ళ లౌకిక గిటారు పాట) పాడి, ఆదివారం పొద్దున వాక్యం చెప్పిన ప్రాంతం ఇది. ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతుందో చూడాలంటే ఆ రెండు పూటలూ అక్కడే ఉండాలి. కారు లేకపోతే అసలు కుదరదు. మొత్తం తిరుగుడు రెండు వందల మైళ్ళ పైచిలుకు, అంతే.

గురువారం, మెంఫిస్

బ్లూస్‌కి పేరుపడ్డ బీల్ స్ట్రీట్ చూడటానికి ఒక గంట చాలు. నియాన్ బోర్డులు, ప్లాస్టిక్ గ్లాసుల్లో బీరు, గుమ్మానికో పాట. యాత్రికుల కోసం పెట్టిన సంత అనుకోండి. చాలామంది మలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త తూర్పుకి నడిస్తే అదే వీధిలో పాత బాప్టిస్టు చర్చి ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్ళు కట్టుకున్నది. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పత్రిక ఒకప్పుడు ఇక్కడి నుంచే వెలువడింది. సారా కొట్లూ గుడీ ఒకే వీధిలో ఉండటం ఇక్కడ విడ్డూరమేమీ కాదు.

అసలు చూడాల్సింది మేసన్ టెంపుల్. బయటి నుంచి చూస్తే మన పాత మార్కెట్ యార్డు గోడౌనులా ఉంటుంది, గోపురం లేదు, శిఖరం లేదు. మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 3 రాత్రి తన చివరి ప్రసంగం చేసింది ఇక్కడే. మర్నాడు లొరైన్ మోటెల్ దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. ఎక్కువమంది అందుకోసమే వస్తారు. గిటారు కోసం వచ్చినవాళ్ళకి ఇంకో కారణం ఉంది. ఇది చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే పెంతెకొస్తు సంఘానికి కేంద్రం. స్థాపకుడు సి. హెచ్. మేసన్ సమాధి కూడా లోపలే ఉంది.

బాప్టిస్టుల్లో పాతతరం వాళ్ళకి గిటారు అంటే దయ్యం సొత్తు. గుళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. మేసన్ సంఘం మాత్రం నూట యాభయ్యో కీర్తనని ఉన్నదున్నట్టు తీసుకుంది. తంతివాద్యాలతో, తాళాలతో స్తుతించమని రాసి ఉంటే ఎందుకు వద్దంటారని గిటారు, డ్రమ్ములు, ట్రంపెట్లు అన్నిటినీ లోపలికి తెచ్చుకుంది. బ్లూస్ మానేసి సేవలోకి వచ్చిన గాయకుడికి ఇది చిన్న సంగతి కాదు. బాప్టిస్టుల దగ్గరికి వెళ్తే వాద్యాన్ని గుమ్మం బయటే వదలాలి, వీళ్ళ దగ్గరికి వస్తే మాటలు మార్చుకుంటే సరిపోతుంది. రేపటి కథ దీనిమీదే నడుస్తుంది.

లోపలికి వెళ్ళాలంటే ముందుగా ఫోన్ చేసి అడగాలి. కార్యక్రమం లేని రోజు తాళం వేసి ఉంటుంది.

రాత్రి భోజనం వేయించిన క్యాట్‌ఫిష్, పక్కన స్పగెట్టీ. చేపకీ దానికీ ఏం పొత్తని అడగకండి, ఈ ఊళ్ళో అది పప్పూ ఆవకాయ లాంటి జత. చేపకి మొక్కజొన్న పిండి పట్టించి వేయిస్తారు, పైన కారం సాస్ ఎవరిష్టం వాళ్ళది. పద్నాలుగు డాలర్లైంది. శాకాహారులకి ఒక హెచ్చరిక: ఆకుకూర కనిపించింది కదా అని ఆర్డరివ్వొద్దు. కాలర్డ్ గ్రీన్స్‌ని పంది కాలి ముక్కతో గంటల తరబడి ఉడికిస్తారు. బీన్స్ కూడా అంతే. "మాంసం ఉందా?" అంటే లేదంటారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు, రుచి. "దేనితో ఉడికించారు?" అని అడగాలి.

శుక్రవారం, హెర్నాండో, కోమో

ఐ-55 మీద దక్షిణంగా వెళ్తే అరగంటలో హెర్నాండో, ఇంకో పాతిక నిమిషాలకి కోమో. ఇది డెల్టా కాదు. డెల్టా అంటే మిసిసిపీ నదిని ఆనుకున్న చదునైన పత్తి నేల, అది రేపు. కాస్త ఎత్తుపల్లాలున్న నేల, ఎర్రమట్టి గట్లు, పొదలు. ఇక్కడి బ్లూస్ తీరే వేరు. స్వరాల మార్పిడి తక్కువ, ఒకే లయని పట్టుకుని ఆపకుండా దంచుతారు. పల్లె భజనలో తాళం ఊపందుకున్నాక పాట ఆగదు చూడండి, ఆ వరస.

హెర్నాండోలో 1896లో పుట్టినవాడు రాబర్ట్ విల్కిన్స్. 1928 నుంచి 1935 దాకా రికార్డులిచ్చాడు. 1936లో ఒక ఇంటి పార్టీలో కొట్లాట జరిగింది. అది చూసి ఇక చాలనుకుని బ్లూస్ వదిలేశాడు. మేసన్ సంఘంలో చేరి తర్వాత పాస్టరయ్యాడు, మెంఫిస్‌లో మూలికా వైద్యం కూడా చేసేవాడు. గిటారు మాత్రం వదల్లేదు. 1929లో ఆయన పాడిన ఒక పాటలో ఆడవాళ్ళ చేతిలో దెబ్బతిన్న కుర్రాడు ఇంటికెళ్ళి అమ్మకి మొరపెట్టుకుంటాడు. ఆ వరసనే ఉంచి, లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని అందులో కూర్చాడు. ఇల్లు వదిలి చెడి తిరిగొచ్చే కొడుకు పాతపాటలోనే ఉన్నాడు కాబట్టి కథ అతుకు తెలీకుండా సరిపోయింది. అమ్మ ఉన్నచోట నాన్న వచ్చాడు. 1964లో అభిమానులు వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆయన రికార్డు చేసింది ఈ రూపాన్నే. ఇంగ్లండు రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 1968లో దాన్ని పాడితే మొదటి ముద్రణల మీద రచయిత పేరు తప్పు పడింది, తర్వాత సరిదిద్దారు. మన దగ్గర పురుషోత్తమ చౌదరి పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ కీర్తనలకి కర్ణాటక బాణీలు కట్టుకున్నప్పుడు చేసింది కూడా ఇలాంటి పనే. కాకపోతే ఆయన కచేరీ వదిలి రాలేదు, విల్కిన్స్ సారా కొట్టు వదిలి వచ్చాడు.

కోమో మెయిన్ స్ట్రీట్ ఒకే వరస కొట్లు, ఎదురుగా రైలు పట్టాలు. నీలిరంగు బ్లూస్ ట్రైల్ ఫలకాలు ఇక్కడ చదవాలి. మిసిసిపీ అంతటా ఇవి రెండు వందలు దాటాయి, మొదటిది 2006లో పెట్టారు. రెండు వైపులా చదవండి, అసలు వివరం, ఫొటోలు వెనకవైపు ఉంటాయి. చాలామంది ముందువైపు ఫొటో తీసుకుని వెళ్ళిపోతున్నారు.

హంటర్స్ చాపెల్ అనే చిన్న మిషనరీ బాప్టిస్టు చర్చి ఈ ఊరి పరిధిలోనే ఉంది. బ్లూస్ గాయకుడు మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్ వెళ్ళిన గుడి అది. ఆయన పాస్టరు కాడు, పొలం పని చేసుకునేవాడు. శనివారం స్లైడ్ గిటారుతో (వేలికి గొట్టంలాంటిది తొడిగి తీగల మీద జార్చి వాయించే పద్ధతి) బ్లూస్, ఆదివారం అదే స్లైడుతో సంఘం పాటలకి తోడు. 1966లో ఈ చర్చి గాయకులతో కలిసి ఒక ఆల్బమే చేశాడు. అంటే అప్పటికే ఈ పల్లె బాప్టిస్టులు గిటారుని లోపలికి రానిచ్చారన్నమాట. నిన్న చెప్పిన నియమం ఊరూరా ఒకలా లేదు.

రాబర్ట్ విల్కిన్స్ కొడుకు జాన్ విల్కిన్స్ 1980లలో ఇదే చర్చికి పాస్టరుగా వచ్చాడు. 1965లో ఓ. వి. రైట్ పాడిన సోల్ (చర్చి పాట తీరులో ప్రేమపాటలు పాడే పద్ధతి) పాటకి గిటారు వాయించింది ఈయనే. తండ్రిలా తెంచుకుని రాలేదు. పాస్టరుగా ఉంటూనే బ్లూస్ ఉత్సవాల్లో వాయించాడు. ఆ మేళాల్లో పాడినవి దేవుడి పాటలు, లయ మాత్రం ఈ గుట్టలదే. చివరి ఆల్బం మెంఫిస్‌లోని రాయల్ స్టూడియోలో ముగ్గురు కూతుళ్ళతో కలిసి పాడాడు. 2020 అక్టోబరులో కోవిడ్ అనంతర ఇబ్బందులతో పోయాడు.

దారి తప్పింది మెక్‌డవెల్ సమాధి దగ్గర. కోమోకీ సెనటోబియాకీ మధ్య హ్యామండ్ హిల్ చర్చి ఆవరణలో ఉంది. ఫోను మ్యాపు ఒక ప్రైవేటు కంకర రోడ్డులోకి తీసుకెళ్ళి, ఒక గేటు ముందు "చేరుకున్నారు" అంది. అలాంటిచోట గేటు తీసి లోపలికి పోవద్దు, కారు తిప్పేటప్పుడు ఎవరింటి పచ్చికా తొక్కొద్దు. వరండాలో కూర్చున్న పెద్దావిడ చెయ్యి ఊపి, కారు ఆగేదాకా చూసి, "యెవరి మనుషులు మీరు?" అన్నట్టు పలకరించి అప్పుడు దారి చెప్పింది. ఇక్కడి మర్యాద అదే: ముందు పలకరింపు, వాతావరణం గురించి ఒక మాట, ఆ తర్వాతే ప్రశ్న. ఆడవాళ్ళకి "యెస్ మేమ్", మగవాళ్ళకి "యెస్ సర్" ప్రతి వాక్యానికీ తగలాలి. పరిచయమయ్యాక "మిస్" అని చేర్చి మొదటి పేరుతో పిలుస్తారు, మన "అక్కగారు" లాగా. ఎదురొచ్చే ప్రతి కారుకీ స్టీరింగ్ మీంచి చెయ్యి ఎత్తాలి.

సమాధి మీద మొదట పెట్టిన రాతిలో ఆయన పేరు తప్పుగా చెక్కారు. 1993లో గాయని బానీ రైట్ డబ్బిచ్చి కొత్త రాయి పెట్టించింది. రాతి మీద చిల్లర నాణాలు, గిటారు పిక్కులు, ఒక గాజు సీసా మెడ ఉన్నాయి. ఆయన వేలికి తొడిగింది ముందు ఎముక ముక్క, తర్వాత గాజు.

శనివారం, 61వ హైవే, క్లార్క్స్‌డేల్

మెంఫిస్ దాటగానే నేల బల్లపరుపు అయిపోతుంది. అక్టోబరు కాబట్టి పత్తి. గుంటూరు, వరంగల్లు వాళ్ళకి పొలం తెలిసిందే, మనుషులే కనిపించరు. యంత్రం ఏరి, అదే చుట్టి, గులాబీ రంగు ప్లాస్టిక్ తొడిగిన పెద్ద పెద్ద గుండ్రటి మోపుల్ని చేను గట్టున వదిలేస్తుంది. ఈ పత్తి మీదే గాయకుల తండ్రులూ తాతలూ నడుములు పోగొట్టుకున్నారు.

లేక్ కార్మొరంట్ దగ్గర క్లాక్ అనే ఆయన కిరాణా కొట్టు ఉండేది. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున వచ్చి ఇక్కడే బ్లూస్ గాయకుడు సన్ హౌస్ పాటలు రికార్డు చేశాడు. కొట్టు పక్కనే రైలు పట్టాలు, పాట మధ్యలో రైలు పోయే చప్పుడు రికార్డులో అలాగే ఉండిపోయింది. ఆ పాటని కార్లో పెట్టుకుని పట్టాల పక్కన ఆగి వినాలి. అంతకు మించి అక్కడ చూడ్డానికేం లేదు.

సన్ హౌస్ కథ విల్కిన్స్‌కి తిరగేసింది. పుట్టింది 1902లో, క్లార్క్స్‌డేల్‌ని ఆనుకున్న లయన్ దగ్గర. పదిహేనేళ్ళ వయసులోనే బాప్టిస్టు పల్పిట్ ఎక్కాడు. గిటారు ముట్టడమే పాపమని పాతికేళ్ళ దాకా నమ్మాడు. 1927 ప్రాంతంలో ఎవరో సీసా మెడతో వాయిస్తుంటే విని నేర్చుకున్నాడు. మర్నాడే మరో జీవితం. 1928లో ఒక జూక్ జాయింట్‌లో (సారా, పాట, ఆట దొరికే పల్లె కొట్టు) కాల్పులు, ఒకడు పోయాడు, ఇతను పార్చ్‌మన్ జైలు పొలానికి. రెండేళ్ళలోపు బయటికొచ్చాడు. 1930లో తోటి బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ వాళ్ళతో విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్ వెళ్ళి పారమౌంట్ రికార్డుల కంపెనీకి పాడినవాటిలో ఒకటి రెండు భాగాల పాట. బాప్టిస్టు బోధకుణ్ణయితే పనిచెయ్యక్కర్లేదని అందులో వెక్కిరిస్తాడు. వెక్కిరిస్తున్న గొంతు మాత్రం అచ్చం బోధకుడిదే. ప్యాటన్ సంగతి ఇంకా తమాషా: దేవుడి పాటలు వేరే పేరుతో, "ఎల్డర్ జె. జె. హ్యాడ్లీ" అని వేయించుకున్నాడు. రెండు దుకాణాలు, రెండు బోర్డులు.

వాయించేవాళ్ళ కోసం కొంచెం లెక్క. సన్ హౌస్ ఎక్కువగా వాడింది ఓపెన్ జి, అంటే వేలు పెట్టకుండా మీటినా జి పలికే శ్రుతి: మామూలు శ్రుతిలోంచి ఆరో తీగని డి-కి, అయిదోదాన్ని జి-కి, ఒకటోదాన్ని డి-కి దించాలి, మిగతా మూడూ కదపక్కర్లేదు. రెండో పాత శ్రుతి ఓపెన్ డి: ఆరోది డి, మూడోది ఎఫ్ షార్ప్, రెండోది ఎ, ఒకటోది డి. ఇందులోంచి మూడో తీగని మరో అర మెట్టు దించి ఎఫ్ చేస్తే బెంటోనియా అనే మిసిసిపీ ఊరివాళ్ళ మైనరు శ్రుతి వస్తుంది. ఆ ఊరి బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ వాడింది ఆ వరసనే. ఆయన కూడా బాప్టిస్టు పాస్టరు కొడుకు, తనూ అభిషేకం పొందినవాడే. స్లైడు తీగ మీద నొక్కితే ఫ్రెట్‌కి (గిటారు మెడ మీది లోహపు మెట్టు) తగిలి గరగరమంటుంది. తీగలు మందంగా, కాస్త ఎత్తులో ఉండాలి. వేలు ఫ్రెట్ లోహం మీదికి సరిగ్గా రావాలి, మామూలుగా నొక్కినట్టు వెనక్కి పెడితే స్వరం తక్కువ పలుకుతుంది.

మధ్యాహ్నం టమాలీలు. డెల్టా టమాలీ మెక్సికో దానికి తోబుట్టువే గానీ రుచి వేరు. కారం పట్టించిన మాంసాన్ని మొక్కజొన్న పిండిలో పెట్టి, కంకి పొట్టులో చుట్టి, మూడేసి చొప్పున దారంతో కడతారు. ఆవిరికి పెట్టరు, మసాలా నీళ్ళలోనే ఉడికిస్తారు. కోనసీమ పొట్టిక్కని పులుసులో వేసి ఉడికించారనుకోండి. పొట్టు విప్పగానే ఎర్రటి రసం మోచేతి దాకా కారుతుంది. ఉప్పు బిస్కెట్లతో తినాలి. అరడజను తొమ్మిది డాలర్లు, నగదు మాత్రమే.

1918 నాటి రైల్వే గూడ్సు డిపోలో ఉన్న డెల్టా బ్లూస్ మ్యూజియం సాయంత్రానికి మూసేస్తారు, కాబట్టి తిండి కంటే ముందే చూసెయ్యాలి.

రాత్రి సన్‌ఫ్లవర్ నది ఒడ్డున ఒక జూక్. గుమ్మం దగ్గర పదిహేను డాలర్లు చేతిలో పెట్టాలి, కార్డు గీకే యంత్రం లేదు. ఎనిమిదన్నరకి అంటే తొమ్మిదింపావుకి మొదలైంది. వేదిక లేదు, గచ్చు మీద పాత తివాచీ పరిచి వాయిస్తారు. మొదటి విరామంలో ఒక ప్లాస్టిక్ బకెట్ తిరుగుతుంది. అయిదు డాలర్లకి తగ్గకుండా వెయ్యడం పద్ధతి, వాయించేవాళ్ళ రాత్రి సంపాదనలో అది పెద్ద ముక్క. పాట మధ్యలో గాయకుడు వాయిద్యాన్ని తగ్గించి, గొంతు పెంచి, "వినపడుతోందా?" అని అడుగుతాడు, జనం జవాబిస్తారు. మళ్ళీ అడుగుతాడు. ఈ అడగడం ఎక్కడి నుంచి వచ్చిందో రేపు పదకొండున్నరకి తెలుస్తుంది. ఒంటిగంట దాకా నడుస్తుంది గానీ పదకొండున్నరకి లేవడం మంచిది, పొద్దున డెబ్భై అయిదు మైళ్ళు నడపాలి.

ఆదివారం, మళ్ళీ మెంఫిస్

ఫుల్ గాస్పెల్ టాబర్‌నకిల్ రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇంటికి కొద్ది నిమిషాల దూరంలో హేల్ రోడ్ మీద ఉంది. అల్ గ్రీన్ 1976లో కొని పాస్టరైన చర్చి. ఈయన బ్లూస్ గాయకుడు కాదు, సోల్ గాయకుడు. అయినా ఈ లెక్కలో పెద్ద అంకె ఈయనదే. మెంఫిస్‌లో రికార్డుల నిర్మాత విల్లీ మిచెల్ దగ్గర, ఒకప్పటి సినిమాహాల్లో పెట్టిన రాయల్ స్టూడియోలో ప్రేమపాటలు పాడి ప్రపంచానికి తెలిశాడు. 1973లో మారుమనస్సు పొందాడు, అయినా పాటలు ఆగలేదు. 1974లో ఒకామె ఈయన మీద మరిగే గ్రిట్స్ పోసి, తర్వాత తనని తాను కాల్చుకుంది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ, ఒంటికి అంటుకుపోతుంది, అందుకే గాయాలు అంత లోతు. 1979లో సిన్సినాటిలో వేదిక మీంచి పడి, ఇది హెచ్చరిక అనుకుని కచేరీలు మానేశాడు. ఎనభైల చివర్లో మళ్ళీ లౌకిక పాటల వైపు వచ్చాడు, పల్పిట్ వదల్లేదు. ఈయన వాక్యం చెప్పే ఆదివారాలుంటాయి, ఊళ్ళో లేనివీ ఉంటాయి. ముందుగా తెలుసుకునే దారి లేదు. పాట వినడానికి వెళ్ళేవాళ్ళకి అది కచేరీ కాదని అక్కడి సంఘం మర్యాదగానే గుర్తుచేస్తుంది.

పద్ధతులు: పదకొండుకి పది నిమిషాల ముందే వెళ్ళాలి. చొక్కా, ప్యాంటు చాలు, నిక్కరు వద్దు. తెల్ల చేతి తొడుగుల ఉషర్లు ఎక్కడ చూపిస్తే అక్కడ కూర్చోవాలి. ప్రార్థన జరుగుతుండగా లోపలికి వెళ్ళకూడదు, ఉషరు చెయ్యి దించేదాకా గుమ్మంలోనే ఆగాలి. సందర్శకుల్ని లేచి ఊరు చెప్పమంటారు. ఫొటోలు, వీడియోలు వద్దు. కానుక కవరుకి పది, ఇరవై సిద్ధంగా ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం: రెండు, రెండున్నర గంటల ఆరాధన, మధ్యలో లేచి రావొద్దు. యాత్రికుల మీద ఇక్కడి పెద్దల ప్రధాన ఫిర్యాదు అదే, నాకైతే న్యాయంగానే తోచింది.

ప్రసంగం మామూలు మాటతో మొదలవుతుంది. ఇరవై నిమిషాలకి వాక్యాలు పొట్టిగా అవుతాయి, ప్రతి వాక్యం చివర ఒకే స్వరం మీద ఆగుతుంది. ఆర్గనిస్టు ఆ స్వరాన్ని పట్టుకుని వాక్యానికో జవాబు ఇస్తాడు. బోధకుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అదే శ్రుతి, ఎక్కువగా ఎ ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్. కీబోర్డుకి సుఖం, గిటారుకి ప్రాణసంకటం. జూక్ నుంచి వచ్చిన గిటారిస్టు తడబడేది ఇక్కడే. ఉపాయం కాపో, అంటే గిటారు మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు: ఓపెన్ జి-లో మొదటి ఫ్రెట్‌కి పెడితే ఎ ఫ్లాట్, ఓపెన్ డి-లో మొదటిదానికి ఇ ఫ్లాట్, మూడోదానికి ఎఫ్. "వినపడుతోందా?" ఇక్కడా వచ్చింది. జవాబు రాత్రి కంటే గట్టిగా వచ్చింది.

మూడింటికి దక్షిణ మెంఫిస్‌లో ఒక చిన్న బాప్టిస్టు సంఘం వార్షికోత్సవం. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల కార్యక్రమాలు ఇక్కడి రివాజు, ఒక చర్చి వాయిద్యగాళ్ళు ఇంకో చర్చికి సాయం వెళ్తారు. వెనక హాల్లో భోజనం ప్లేటు పన్నెండు డాలర్లు: వేయించిన కోడి, మాకరోనీ చీజ్, గ్రీన్స్, కార్న్‌బ్రెడ్, పీచ్ కాబ్లర్. ఎదుటి బల్ల దగ్గర గిటారిస్టు నిలబడే తింటున్నాడు. పొద్దున తన సంఘంలో వాయించాడు, ఇక్కడ నాలుగున్నర దాకా ఉంటాడు, ఏడింటికి బీల్ స్ట్రీట్‌లో బ్యాండు. చర్చి నెలకింత అని ఇస్తుందట, బీల్‌లో రాత్రికింత, దాని మీద బకెట్. బుధవారం బైబిల్ స్టడీ రోజున మాత్రం ఏ కచేరీ ఒప్పుకోడు. రెండు గిటార్లు తెచ్చుకోవచ్చు కదా అంటే, కారు డిక్కీలో యాంప్లిఫయర్ పెట్టాక ఒకదానికే చోటుంటుందని చెప్పి, వేళ్ళు తుడుచుకుని, కాపో జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని లోపలికి వెళ్ళాడు.